మామ వీపు మీద శిలువ

ఆ రోజుల్లో నాకు మనుషులు కనబడేవారు కాదు, చర్మాలే కనబడేవి. చదువు పూర్తిచేసి కొత్తగా డాక్టరు బోర్డు తగిలించుకున్న ఏడాది అది. బస్సులో కండక్టరు టికెట్ ఇస్తుంటే టికెట్ వదిలేసి అతని గోళ్ళు చూసేదాన్ని. కూరగాయలమ్మే ఆవిడ మెడ మీది మచ్చకు పేరు వెతుకుతూ తీసుకున్న కొత్తిమీర అక్కడే వదిలేసి వచ్చేదాన్ని. ఆదివారం చర్చిలో అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుంటే నేను ఒక కన్ను తెరిచి, ముందు వరసలో వాళ్ళ చెవుల వెనక ఏముందో చూస్తూ కూర్చునేదాన్ని (దేవుడు క్షమించాలి, ఆ వరసలో మంచి మంచి కేసులుండేవి). ఇంత చూపున్నదాన్ని, మా ఇంట్లో రోజూ సాయంత్రం నా కళ్ళెదుటే జరుగుతున్న సంగతిని మాత్రం చాలాకాలం చూడలేకపోయాను. చివరికి పట్టుకున్నాననుకోండి. ఆ గర్వం ఇప్పటికీ నన్ను వదల్లేదు. ఇదంతా అది చెప్పుకోవడానికే.

మా బంధువులకు నా చదువు అంతగా నచ్చలేదు. గుండె డాక్టరో, ఆపరేషన్లు చేసే డాక్టరో అవుతానని అందరూ ఆశపడ్డారు. నేను చర్మం ఎంచుకున్నానని తెలియగానే, "గింత సదివి తోలు డాక్టరైందా పిల్ల?" అని మా సంతపూర్ పెద్దమ్మ నా మొహం మీదే అనేసింది. అప్పట్నుంచీ మా వాడలో నా పేరు తోలు డాక్టరమ్మ. మా బీదర్ ఊరి పక్క నౌబాద్‌లో టైర్ల దుకాణం పక్కన ఒక గది అద్దెకు తీసుకుని, కన్నడంలో పెద్ద అక్షరాలతో 'చర్మరోగ తజ్ఞరు' అని బోర్డు రాయించాను. రోగులకంటే పంక్చరు వేయించుకునేవాళ్ళే ఎక్కువగా వచ్చేవారు. పని అయ్యేదాకా నా బెంచీ మీద కూర్చుని, "మేడం, ఫ్యాన్ జర పెంచుండ్రి" అనేవారు. పెంచేదాన్ని. పోయేటప్పుడు బోర్డు చదువుతారనీ, ఎప్పుడో ఒకప్పుడు వాళ్ళకూ దురద పుట్టకపోదనీ నా ఆశ.

ఇక మా మామ గురించి చెప్పాలి. మామ అంటే మా అమ్మకు తమ్ముడు. బీదర్‌లో చర్చి వెనక వీధిలో మా ఇల్లూ అమ్మమ్మ ఇల్లూ ఒకే గోడకు అటూ ఇటూ ఉండేవి. అమ్మమ్మ దగ్గర మామ. కొల్హార్‌లో ఒక చిన్న ఫ్యాక్టరీలో మిషను మీద షిఫ్టు పని ఆయనది. అది పొట్టకోసం. ప్రాణం మాత్రం డోలక్ మీద. ఎవరైనా పెళ్ళి మాట ఎత్తితే డోలక్ ఒళ్ళోకి లాక్కుని, ఎదుటివాళ్ళ మాట వాళ్ళకే వినబడనంత గట్టిగా వాయించేవాడు. అలా నలభై దాటేశాడు. మా చర్చిలో మామ డోలక్ లేకుండా క్రిస్మస్ జరిగినట్టు నాకైతే గుర్తులేదు. పాట మొదలై, రెండో చరణం దగ్గర ఆయన చెయ్యి ఊపందుకుంటే, వెనక బెంచీల్లో కునికే ముసలివాళ్ళు కూడా లేచి నిలబడేవారు.

ఆ ఏడు వానాకాలం వెళ్ళాక మామ చేతులు పాడవడం మొదలైంది. ముందు అరచేతులు ఎర్రబడ్డాయి. తర్వాత వేళ్ళ సందుల్లో ఆవగింజంత నీటి పొక్కులు వచ్చాయి. అవి చిట్లి, ఎండి, చర్మం బీటలు వారింది. అన్నం కలుపుకుంటే కారం మంట, కలపకపోతే ఆకలి. ఇంకేం, వైద్యం చేయడానికి వాడంతా దిగింది. సాలెపురుగు పారిందని ఒకరు, ఒంట్లో వేడి అని ఒకరు. సంతపూర్ పెద్దమ్మ బస్సు దిగి చేతులు చూడగానే, "వంకాయ తింటుండా? బంద్ జెయ్యి!" అంది. మామకు వంకాయ కూరంటే పిచ్చి. ఆయన కళ్ళెదుటే మా అమ్మ గుత్తి వంకాయ గిన్నె మా ఇంటి వైపుకు తరలించింది. మెడికల్ షాపాయన చీటీ గీటీ లేకుండా ఒక మలాము ట్యూబు ఇచ్చాడు. రాసినన్నాళ్ళు చల్లగా ఉండి, మానేయగానే జబ్బు చుట్టాలను కూడా వెంటబెట్టుకుని తిరిగొచ్చింది. నా దగ్గరకు మాత్రం మామ రాలేదు. ఎత్తుకుని తిప్పిన పిల్లకు చేతులు చూపించి 'డాక్టరమ్మా' అనడానికి ఆయనకు మొహమాటం.

ఆయనను నా బెంచీ మీదికి తెచ్చింది డోలకే. మా చర్చి యువకులు అప్పుడే ఒక ఎలక్ట్రిక్ ప్యాడ్ కొన్నారు. మీట నొక్కితే డోలక్, ఇంకో మీట నొక్కితే గుర్రాల అడుగుల చప్పుడు. (క్రిస్మస్‌కు గుర్రాలెందుకో ఎవరూ చెప్పలేదు.) కమిటీ పెద్ద ఒకాయన మామ భుజం మీద చెయ్యి వేసి, "చేతులు మంచిగైతే నువ్వే కొడ్దువు తమ్మీ. కాకుంటే ఈసారికి ప్యాడ్ పెట్టుకుంటం, పరేషాన్ గాకు" అన్నాడట. మామ నవ్వుతూ 'సరే అన్నా' అని ఇంటికొచ్చి, డోలక్‌ను పాత దుప్పట్లో చుట్టి బీరువా మీదికి ఎక్కించాడు. ఆ మూట చూడగానే నాకు ఏడుపొచ్చింది. ఆ సాయంత్రం నేనే ఆయన్ను చెయ్యి పట్టుకుని నా గదికి తీసుకుపోయాను. టైర్లవాళ్ళను లేపి బెంచీ ఖాళీ చేయించాను.

"చూడు కోడలా, క్రిస్మస్‌కు కొట్టేటట్టు జెయ్యి. తర్వాత ఈ చేతులు ఏమన్నా గానీ" అన్నాడు మామ.

చేతులు తిప్పి చూశాను. నా చదువు పొంగుకొచ్చింది. ఇది పురుగూ కాదు, వేడీ కాదు. కొందరి ఒంటికి కొన్ని వస్తువులు పడవు. ఆ వస్తువు తగిలినచోట దురద, ఎరుపు, పొక్కులు. చిక్కేమిటంటే తగలగానే రాదు. ఒకటి రెండు రోజులు ఆగి తీరిగ్గా వస్తుంది. అందుకే అసలు దొంగ తప్పించుకుంటాడు, పక్కనున్న వంకాయ దొరికిపోతుంది. దీనికి మలాములు ఎన్ని రాసినా లాభం లేదు; ఆ వస్తువేదో కనిపెట్టి దూరం పెట్టాలి. మామ నుదుటి మీద కూడా రూపాయి బిళ్ళంత ఎర్రమచ్చ ఉంది. అదేంటని అడిగితే ఫ్యాక్టరీలో పెట్టుకునే గట్టి టోపీ ఒరుసుకుంటుందన్నాడు. నేను గంభీరంగా తల ఊపాను.

"చేతులకు ఏమేం తగుల్తయి మామా?"

"మిషను నూనె. గ్లౌజులు. డోలక్. ఇంకేముంటది?"

"ఏమన్నా రాసుకుంటవా? క్రీములు, పౌడర్లు, సెంట్లు?"

"నేనేమన్న పెండ్లికొడుకునా?"

"ఇంట్ల ఏమన్నా నూనెలు గీనెలు?"

"ఏం రాసుకోను బిడ్డా. ఒట్టు."

మామ అబద్ధం చెప్పలేదు. ఇప్పుడాలోచిస్తే ఆ ఒట్టు కూడా నిజమే. ఆయన ఏమీ రాసుకోలేదు. ఆ తేడా తెలియడానికి నాకు ఇంకా కొంత టైముంది.

నా అనుమానం డోలక్ తోలు మీద పడింది. కిందటేడు మామ దానికి కొత్త తోలు వేయించాడు, తోలు పదును చేసేటప్పుడు వాడే లవణాలు కొందరికి పడవని నేను చదువుకున్నాను. తోలు డాక్టరుకు తోలే దొరికిందని లోపల్లోపల సంబరపడ్డాను. అయినా సాక్ష్యం లేకుండా డోలక్‌కు శిక్ష వేయకూడదు. అందుకే పట్టీ పరీక్ష చేస్తానన్నాను. అనుమానం ఉన్న వస్తువులను కొంచెం కొంచెంగా వీపు మీద పెట్టి, పైన పట్టీలు అతికించి, రెండు రోజులుంచాలి. తర్వాత తీసి, ఏ గడి కింద చర్మం ఎర్రబడిందో చూడాలి. డోలక్ బాగుచేసే ఆయన దగ్గర మిగిలిన తోలు ముక్క, గ్లౌజు రబ్బరు ముక్క, టోపీ లోపలి పట్టీ ముక్క, పలచన చేసిన మిషను నూనె, వీటితోపాటు చాలామందికి పడని పదార్థాలన్నీ ఉండే నా మందుల సెట్టు, అన్నీ మామ వీపు మీద వరసలుగా అతికించి, పెన్నుతో నంబర్లు వేశాను. అద్దంలో వీపు చూసుకుని మామ, "చదరంగం ఆడుకుంటరా ఏంది?" అన్నాడు.

శుక్రవారం సాయంత్రం అమ్మమ్మ ముందే జాగ్రత్తలన్నీ గట్టిగా చెప్పాను. వీపుకు నీళ్ళు తగలొద్దు. సబ్బు వద్దు. చెమట పట్టొద్దు. గోకొద్దు. బరువులెత్తొద్దు. అమ్మమ్మ పక్కనే కూర్చుని ప్రతి మాటకూ తల ఊపింది. (అమ్మమ్మ తల ఊపిందంటే విన్నదని అర్థం, ఒప్పుకుందని కాదు. మా అమ్మ చిన్నప్పట్నుంచీ చెప్తున్న మాటే ఇది.) "దవా పట్టీలా బిడ్డా ఇవి?" అని అడిగింది. దవా కాదమ్మమ్మా, పరీక్ష అన్నాను. "ఏదైతే ఏంది, దేవుడు పని జేయాలె గదా" అంది.

ఆదివారం ఆరాధన అయ్యాక పట్టీలు తీయడానికి మామను అమ్మమ్మ ఇంటి వాకిట్లో, వెలుగులో, స్టూలు మీద కూర్చోబెట్టాను. సంతపూర్ పెద్దమ్మ కూడా చర్చి నుంచి అటే వచ్చింది, తోలు డాక్టరు తోలు ఎలా వలుస్తుందో చూద్దామని. మామ చొక్కా విప్పాడు. నేను చెయ్యి వేయకముందే పెద్దమ్మ 'యేసయ్యా!' అని కేక పెట్టి, చేతిలో సంచీ వదిలేసి, వాకిట్లోనే మోకాళ్ళూనింది.

మామ వీపు మీద శిలువ. మెడ కింది నుంచి నడుము దాకా వెన్ను వెంట, పట్టీల వరసల మధ్యగా, ఒక నిలువు గీత. పట్టీలకు పై వైపున ఈ భుజం నుంచి ఆ భుజానికి ఒక అడ్డ గీత. ఎర్రగా, ఉబ్బి, ఎవరో కొలిచి గీసినట్టు. ఎడమ భుజం దగ్గర నాలుగు వేళ్ళు, ఒక బొటనవేలు, ఒక అరచెయ్యి. మనిషి చేతి ముద్ర. ఎర్రగా.

నిజం చెప్పొద్దూ, ఇన్నేళ్ళు చదివిన పుస్తకాల్లో ఒక్క పేజీ గుర్తుకు రాలేదు. చేతులు వాటంతటవే జోడించుకోబోయాయి.

పెద్దమ్మ కేకకు వీధి వీధంతా వచ్చేసింది. ఆడవాళ్ళు కొంగులు తల మీదికి లాక్కున్నారు. ఒకాయన ఫోటో తీశాడు. అది ఎంత జోరుగా తిరిగిందంటే, హైదరాబాదులో ఉన్న మా బాబాయి దాకా పోయి, 'బీదర్‌లో మహా అద్భుతం, పది మందికి పంపండి' అనే రాతతో తిరిగి నా ఫోనుకే వచ్చింది. మామ స్టూలు మీద కదలకుండా కూర్చుని, "ఏముందే నా వీపు మీద? ఎవరన్నా చెప్పుండ్రి! పామా?" అని అరుస్తున్నాడు. ఆయన వీపు ఆయనకు తప్ప ఊరందరికీ కనబడుతోంది.

ఆ గోలలో నేను వంగి చూశాను. పాడలవాటు అనండి, వృత్తి అనండి. నిలువు గీత కింది కొసన ఒక సన్నని ఎర్ర చార, పక్కకు తిరిగి, నడుము కిందికి జారింది. నూనె చుక్క జారినట్టు. దేవుడు గీస్తే చుక్క జారుతుందా? ఇంకా వంగి వాసన చూశాను. మామ వీపు పలావు వాసన వస్తోంది.

దాల్చినచెక్క!

అప్పుడు నా కళ్ళు తెరుచుకున్నాయి. మా అమ్మమ్మ దగ్గర ప్రార్థన నూనె సీసా ఒకటి ఉంటుంది. ఇంట్లో ఎవరికి తలనొప్పి వచ్చినా, పరీక్షలున్నా, ప్రయాణమున్నా, సాయంత్రం ప్రార్థనలో ఆ నూనెలో వేలు ముంచి నుదుట పెట్టి, నొప్పి ఉన్నచోట రాసి ప్రార్థన చేస్తుంది. నేను ఎంట్రెన్సు రాసిన రోజు నా జుట్టులోంచి కారి జవాబు పేపరు మీద పడింది కూడా ఆ నూనే. అప్పట్లో అది ఉత్త కొబ్బరినూనె. ఆ ఏడు మాత్రం, పాతకాలంలో అభిషేక తైలంలో దాల్చినచెక్క వేసేవారని ఎవరి ప్రసంగంలోనో విని, అమ్మమ్మ పాత ఊళ్ళో అత్తరు దుకాణానికి పోయి మంచి ఘాటైన దాల్చిన తైలం తెచ్చి అందులో కలిపింది. మామ షిఫ్టు చేసి వచ్చి చేతులు నొప్పులంటే మొదట్లో కొంచెం రాసేది. ఆ చేతులు పాడయ్యాక రోజూ సాయంత్రం ఆయన రెండు అరచేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఇంకిపోయేదాకా రుద్దుతూ ప్రార్థన చేసేది. ఎంత ముదిరితే అంత ఎక్కువసేపు. అప్పుడప్పుడూ నేనూ అదే గదిలో కూర్చుని ఆమెన్ అన్నదాన్నే!

అమ్మమ్మను మెల్లగా వంటింట్లోకి తీసుకుపోయాను.

"అమ్మమ్మా, మామ వీపుకు నూనె రాసినవా?"

"నూనె ఎందుకు రాస్త? నువ్వు వద్దంటివి గదా."

"మరి ఏం జేసినవ్?"

"ప్రార్థన జేసిన. పట్టీలు మంచిగ పని జేయాలె గదా అని, మొన్న రాత్రి పండుకునేటప్పుడు వీపు మీద శిలువ గుర్తు పెట్టి, చెయ్యి ఆనిచ్చి ప్రార్థన జేసిన."

"ఆ చేతికి ఏముండె?"

అమ్మమ్మ నా మొహం చూసింది. సీసా వైపు చూసింది. మళ్ళీ నన్ను చూసింది. "నూనె ఉండె" అంది, చాలా చిన్నగా.

మా ఇంట్లో ఆ నూనెను ఎవరూ నూనె అనుకోరు. అది ప్రార్థన. ఏమన్నా రాసుకుంటావా అని డాక్టరు అడిగితే, మా చర్చిలో ఎవరైనా సరే లేదనే చెబుతారు. డాక్టరు మా చర్చి పిల్లే అయితే రెండోసారి అడగదు. ఇదంతా నాకు ఆ వంటింట్లో, అమ్మమ్మ ఎదురుగా నిలబడ్డాకే తట్టింది.

"అంటే నా ప్రార్థన వాని ఒంటికి పడ్తలేదంటవా?" అంది అమ్మమ్మ. బయట జనం పాట అందుకున్నారు. ఇప్పుడు నేను వాకిట్లోకి పోయి ఇది నూనె వల్ల వచ్చిన దద్దురు అని చెబితే, కొడుకు చేతులు పాడుచేసింది తల్లేనని అందరిముందూ చెప్పినట్టు. చెప్పకపోతే, అమ్మమ్మ ప్రార్థనకే అద్భుతం జరిగిందని తెలుసుకుని ఆ నూనె సీసాలకెత్తి ఊరందరూ పంచుకునేటట్టున్నారు, మామ క్రిస్మస్‌ పోతుంది.

"ప్రార్థన కాదమ్మమ్మా, దాల్చిన పడ్తలేదు" అన్నాను.

"నా చెయ్యికేం గాలె గదా? రోజూ ముంచుత."

"ఒకరికి పడంది ఇంకొకరికి పడ్తది. నాకు కాకర పడదు, నువ్వు తినవా?"

అమ్మమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "రుజువు జెయ్యి" అంది. నా చదువుకు ఆ ఇంట్లో ఎవరైనా పెట్టిన మొదటి పరీక్ష అది.

మా పాస్టరుగారు అప్పటికే వాకిట్లో ఉన్నారు. ఆయన మామ వీపు రెండువైపులనుంచీ చూసి, చేతి ముద్ర మీద తన చెయ్యి ఆనించకుండా కొలిచి, "ఇది జర చిన్న చెయ్యి. డాక్టరమ్మ ఏమంటదో చెప్పేదాంక దేవుడు అద్భుతం జేసిండని ఎవరూ సాక్ష్యాలు చెప్పొద్దు" అన్నారు. పెద్దమ్మకు అది నచ్చలేదు. కానీ పాస్టరుగారి మాట కదా, సంచీ ఏరుకుని లేచింది. నేను పట్టీలు తీశాను. తోలు ముక్క కింద చర్మం మామూలుగానే ఉంది. రబ్బరు, టోపీ, మిషను నూనె, అన్నిటి కిందా అంతే. నా మందుల సెట్టులో సుగంధ ద్రవ్యాల గడి ఒక్కటే ఎర్రగా పొక్కి కూర్చుంది. వీపంతా అలా మండిపోయి ఉన్నప్పుడు గడులను పూర్తిగా నమ్మకూడదని మా పుస్తకాల్లో ఉంది కాబట్టి, రుజువు ఇంకో విధంగా చేయాలనుకున్నాను.

రెండు చిన్న సీసాలు తెచ్చి, ఒకదాంట్లో ఉత్త కొబ్బరినూనె, ఇంకోదాంట్లో అమ్మమ్మ నూనె పోసి, ఏది ఏదో తెలియకుండా ఒకదానికి ఎర్రదారం, ఒకదానికి తెల్లదారం కట్టాను. కుడి మోచేతి మడతలో ఒకటి, ఎడమ మడతలో ఇంకొకటి పొద్దునా సాయంత్రం రాయాలి. రాసేది అమ్మమ్మే, ప్రార్థన రెండు వైపులా ఒకే తీరుగా చేయాలి, ఎక్కువ తక్కువలు ఉండకూడదు అన్నాను. చాలా శాస్త్రీయంగా ఏర్పాటు చేశానని మురిసిపోతుండగా అమ్మమ్మ మూత తీసి, "ఎర్రదారంది దాల్చిన" అంది. వాసన సంగతి నాకు తట్టనే లేదు. అయినా మా అమ్మమ్మ మాటంటే మాటే. తెల్లదారం చేతికి ఎంత ప్రార్థన చేసిందో ఎర్రదారం చేతికీ అంతే చేసింది. పైగా, "దేవా, దీని పరువు నీదే" అని ఎర్రదారం వైపు ఒక మాట ఎక్కువే అనడం నేను కిటికీలోంచి విన్నాను.

ఆ వారం గడవకముందే ఎర్రదారం మడత ఎర్రబడి, పొక్కి, మామ గోక్కోకుండా ఉండలేక గోడకు రాసుకునే స్థితికొచ్చింది. తెల్లదారం మడత నున్నగా ఉంది. అమ్మమ్మ రెండు చేతులూ వెలుగులో పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది. లేచిపోయి, దాల్చిన తైలం సీసాకు మూత బిగించి, వంటింటి అలమారలో మసాలా డబ్బాల మధ్య పెట్టేసింది. ఆ క్షణంలో నేను గెలిచాను. కానీ ఆమె వంగిన వీపు చూస్తే గెలిచినట్టు అనిపించలేదు.

అప్పట్నుంచి మామ చేతులకు ఆ నూనె బంద్. కొన్నాళ్ళపాటు మాత్రమే రాయాల్సిన మందు నేనే ఇచ్చి, తర్వాత వాసన లేని ఉత్త వాజలైను రాయించాను. మిషను దగ్గర గ్లౌజుల లోపల నూలు తొడుగులు వేయించాను. వంకాయ మీది నిషేధం ఎత్తేశాను (ఈ ఒక్క తీర్పుతో నేను ఎంత పెద్ద డాక్టరునో మామకు అర్థమైంది). నుదుటి మచ్చ కూడా దానంతటదే పోయింది. పాపం టోపీ, అన్ని రోజులూ నింద మోసింది.

తర్వాతి ఆదివారం సాక్ష్యాల సమయంలో అమ్మమ్మ లేచి నిలబడింది. చర్చి మొత్తం చెవులు నిక్కించింది, ఫోటో అందరి ఫోన్లలోనూ ఉంది మరి.

"నా కొడుకు వీపు మీద శిలువ పడ్డదని మీరంత చూసిండ్రు. అది దేవుడు గీసింది గాదు, నేను గీసిన. నేను కలిపిన దాల్చిన వానికి పడలె. వాని చేతులు ఖరాబైంది నా వల్లనే" అంది అమ్మమ్మ. ఎక్కడా తడబడలేదు. "కానీ ఒక్క మాట. ఆ గీతలు ఇంతమందిమి చూసినం. మొక్కినం, ఏడ్చినం, ఫోటువలు దీసినం. ఒక్కరం గూడ సదవలేకపోయినం. దాన్ని సదివింది నా మనుమరాలు. తోలు డాక్టరు, తోలు డాక్టరని మీరు నవ్విండ్రు. తోలు మీద దేవుడు రాస్తే సదివెటోళ్ళు గావాలె గదా! అందుకే ఆమెను సదివిచ్చిండు. నా సాక్ష్యం ఇదే." కూర్చోబోతూ మళ్ళీ లేచి, "ఇగ మా ఇంట్ల దాల్చిన పలావులకే. ప్రార్థనకు ఉత్త నూనె" అంది.

చర్చి నవ్వులతో నిండిపోయింది. పాస్టరుగారు కూడా కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. నేను తల వంచుకుని పాటల పుస్తకం తలకిందులుగా పట్టుకుని కూర్చున్నాను. నాకు పట్టా ఇచ్చిన రోజున పెద్ద పెద్దవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆ రోజు కలగని గర్వం, మా అమ్మమ్మ నిండు చర్చిలో తన తప్పు తాను చెప్పుకుంటూ నన్ను పైకెత్తినప్పుడు కలిగింది. నా మీద కంటే ఆమె మీదే ఎక్కువ గర్వం.

క్రిస్మస్ పొద్దున మామ బీరువా మీది మూట దించాడు. "రెండు పాటలకు మించి కొట్టకు, కొత్త చర్మం" అని చెప్పాను. ఆయన బుద్ధిగా తల ఊపాడు (అమ్మమ్మ కొడుకే కదా). రెండో పాట రెండో చరణం దగ్గర చెయ్యి ఊపందుకుంది. వెనక బెంచీల ముసలివాళ్ళు లేచారు. ఆ తర్వాత ఎన్ని పాటలు కొట్టాడో నాకు తెలియదు. ఆపమనాల్సిన నేనే చప్పట్లు కొడుతూ నిలబడి ఉన్నాను. ప్యాడ్ మూల బెంచీ మీద పడి ఉంది, దాని గుర్రాలతో సహా. ఆరాధన కాగానే సంతపూర్ పెద్దమ్మ నా దగ్గరకొచ్చి, చుట్టూ చూసి, మోకాలి దాకా చీర ఎత్తి, "ఇది జర చూడే బిడ్డా, మస్తు దినాలసంది దురద" అంది. మరుసటి వారం నుంచి నా బెంచీ మీద టైర్లవాళ్ళకు చోటు దొరకలేదు.

ఇప్పుడు నా దగ్గర పెద్ద గది ఉంది, పట్టీలు డబ్బాల్లో తయారుగా వస్తున్నాయి. మామ ఇంకా డోలక్ కొడుతూనే ఉన్నాడు, అరచేతులు కాయలు కాసి నున్నగా ఉన్నాయి. అమ్మమ్మ దేవుడి దగ్గరకు వెళ్ళిపోయింది. ఏ రోగినైనా ఏమన్నా రాసుకుంటారా అని అడిగి, లేదు అన్నాక, రెండో ప్రశ్న తప్పకుండా అడుగుతాను: ప్రార్థనకో, పూజకో, దర్గాకు పోయినప్పుడో, ఎవరన్నా మీకు ఏమన్నా రాస్తారా? సగం మంది అప్పుడు ఆలోచనలో పడతారు. పట్టీలు తీసేటప్పుడు మాత్రం నాకో పిచ్చి అలవాటు మిగిలింది. అప్పట్లో నేను గడుల లోపలే చూసేదాన్ని. ఇప్పుడు ముందు గడుల బయట చూస్తాను. వాసన కూడా చూస్తాను, రోగులు ఏమనుకున్నా సరే. ఎవరి వీపు మీదైనా ఒక చిన్న చెయ్యి ఆనిన గుర్తు మళ్ళీ కనబడుతుందేమోనని.